13వ చానల్ గొడవ: డాంగిల్ డబ్బులు వెనక్కి ఇస్తున్నాం

ఈ వేసవిలో మా షాపులో సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొన్నవాళ్లందరికీ నమస్కారం.

మీలో ఏడుగురి దగ్గర వైఫై డాంగిల్ (లాప్‌టాప్‌కు బయట నుంచి గుచ్చే చిన్న వైఫై పరికరం) కోసం 650 రూపాయల చొప్పున తీసుకున్నాం. ఆ డాంగిల్ మీకు అక్కర్లేదు. మేం పొరబడ్డాం. ఎలా పొరబడ్డామో దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఇందులో సగం గొడవ మా చేతులారా తెచ్చిపెట్టిందే.

మొదటి ఫిర్యాదు మే నెలలో గుంటూరు బ్రాడీపేట నుంచి, ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర్నుంచి వచ్చింది. "ఏమయ్యా, ఫోన్లో మా వైఫై కనిపిస్తోంది. నువ్విచ్చిన లాప్‌టాప్‌లో పక్కింటివీ ఎదురింటివీ అన్నీ ఉన్నాయి, మాదొక్కటే లేదు" అన్నారు. షాపుకు తెప్పించి చూస్తే మా వైఫైకి టక్కున కనెక్ట్ అయింది. ఇంటికెళ్తే మళ్లీ మామూలే. లాప్‌టాప్‌లోని వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, తీసేసి మళ్లీ వేశాం. విండోస్ మొత్తం కొత్తగా ఎక్కించాం. చివరికి "కార్డు వీకైపోయింది మాస్టారూ" అని డాంగిల్ అంటగట్టాం. డాంగిల్ పెట్టగానే పనిచేసింది కాబట్టి మేం చెప్పిందే నిజమనుకున్నాం. తర్వాత ఇంకో ఆరుగురికి కూడా అదే మాట, అదే డాంగిల్.

జూన్‌లో ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి ఇదే సమస్యతో వచ్చింది. ఆమె లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసుకుంది. డాంగిల్ చూపిస్తే వద్దని, కౌంటర్ మీదే టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచింది. వైఫై కార్డు ఏయే చానళ్లు (వైఫై సిగ్నల్ నడిచే, అంకెలు వేసిన దారులు) వాడగలదో ఒక పట్టిక వచ్చింది. 1 నుంచి 11 వరకు ప్రతి చానల్ పక్కనా పవర్ అంకె ఉంది. 12, 13 పక్కన మాత్రం 'డిజేబుల్డ్' అని ఉంది. "అంకుల్, కార్డు బాగానే ఉంది. దానికి 13 అంటే ఏంటో తెలీదంతే" అంది. ఫోన్లో వాళ్లింటి రౌటర్ పేజీ తెరిచి చూస్తే చానల్ 13 మీద ఉంది.

ఆ 13 పెట్టిందెవరు? మా కుర్రాడే. రౌటర్ బిగించడానికి వెళ్లిన ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ 1, 6, 11 చానళ్లు కిక్కిరిసి ఉంటే, ఖాళీగా ఉంది కదా అని 13కి మార్చి వస్తున్నాడు. అలా మార్చమని నేర్పింది నేను. అంటే రౌటర్‌ను 13లో పెట్టిందీ మేమే, 13 చూడలేని లాప్‌టాప్ అమ్మిందీ మేమే, అది కనబడట్లేదని డాంగిల్ అమ్మిందీ మేమే.

ఇక అసలు కారణం. వైఫై కార్డుకు దేశం అనే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. ఏ చానళ్లు వాడాలి, ఎంత పవర్‌తో పంపాలి అన్నది దాన్నిబట్టి డ్రైవర్ నిర్ణయిస్తుంది. వైఫై ముఖ్యంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో నడుస్తుంది. 2.4లో మన దేశంలో 1 నుంచి 13 వరకు చానళ్లు వాడుకోవచ్చు. అమెరికాలో 2483.5 మెగాహెర్ట్జ్ దాటాక ఉన్న బ్యాండ్‌లోకి సిగ్నల్ చిందకూడదని గట్టి నిబంధన ఉంది. అందుకని అక్కడికి తయారుచేసే కార్డుల్లో 12, 13 మామూలుగా ఆపేసి ఉంచుతారు. హైదరాబాద్‌లో ఒక హోల్‌సేల్ డీలర్ దగ్గర నేను తెచ్చిన లాట్‌లో చాలా కార్డులు అలా అమెరికా కోడ్‌తో ఉన్నవే. కొనేటప్పుడు ర్యామ్ చూశాను, బ్యాటరీ చూశాను, కీబోర్డు మీద ప్రతి మీటా నొక్కి చూశాను. ఇది చూడాలన్న ఆలోచనే రాలేదు.

డ్రైవర్‌లో దేశం మార్చేస్తే పోదా అని అడుగుతారు. కొన్నింటికి పోతుంది. విండోస్ డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిచి అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో చూస్తే, కొన్ని డ్రైవర్లకు 'కంట్రీ రీజియన్' అనే వరుస ఉంటుంది. అందులో 1-11 తీసేసి 1-13 పెడితే రెండు నిమిషాల పని. కానీ ఈ లాట్‌లో ఎక్కువ వాటికి ఆ వరుసే లేదు. దేశం కోడ్ కార్డులో ఉన్న చిన్న మెమరీ చిప్‌లోనే రాసి ఉంది. లినక్స్‌లో మనం ఇండియా అని చెప్పినా, కార్డు అమెరికా అంటే, రెండు జాబితాల్లోనూ ఉన్న చానళ్లనే డ్రైవర్ ఒప్పుకుంటుంది. 13 అమెరికా జాబితాలో లేదు కాబట్టి రాదు.

ఆ చిప్‌లో కోడ్ మార్చే పద్ధతులు, పవర్ పెరుగుతుందని ఏదో దూరదేశం పేరు పెట్టే చిట్కాలు వీడియోల్లో బోలెడు. మా షాపులో అవి చెయ్యం, అడగొద్దు. మన దేశంలో ఒప్పుకున్న పవర్ దాటితే అది చట్టవిరుద్ధం. పైగా కార్డు పాడైతే మళ్లీ నా నెత్తినే పడుతుంది.

కాబట్టి సులువైన మందు రౌటర్ దగ్గరే ఉంది. చానల్‌ను 1, 6, 11లో ఏదో ఒకటి చెయ్యండి. 'ఆటో' మీద వదిలేస్తే కొన్ని రౌటర్లు వాటంతటవే మళ్లీ 12, 13కి వెళ్లిపోతాయి, అందుకే అంకె పెట్టేయండి. నిజానికి 13 మీద పెట్టడం మేమనుకున్నంత తెలివైన పనేం కాదు. చానల్‌కూ చానల్‌కూ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ అయితే, ఒక్కో వైఫై వాడే వెడల్పు 20. పక్కింటివాళ్లు 11లో ఉంటే 13లో ఉన్న మీ సిగ్నల్ సగం వాళ్లదాని మీదే పడుతుంది. అదే రెండు వైఫైలూ 11లోనే ఉంటే ఒకదాని తర్వాత ఒకటి వంతులు వేసుకుంటాయి. ఇది నాకు ఇప్పుడు తెలిసింది.

5 గిగాహెర్ట్జ్ పేరు కనిపించనివాళ్లకు ఒక మాట. (రౌటర్ మీద '5జీ' అని ఉంటే అది సెల్‌ఫోన్ 5జీ కాదు, ఇదే.) 100 నుంచి 144 వరకు ఉన్న చానళ్లను మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది 2018 అక్టోబరులో. అంతకుముందు నాటి డ్రైవర్‌కు ఆ సంగతి తెలియకపోవచ్చు. డ్రైవర్ కొత్తది వేయండి, లేదా రౌటర్‌ను 36వ చానల్‌కి మార్చండి. 52 నుంచి 144 మధ్య చానల్ ఉంటే చాలా రౌటర్లు ముందు రాడార్ ఏదైనా ఉందేమోనని కనీసం ఒక నిమిషం వింటాయి. కరెంటు పోయి వచ్చిన వెంటనే పేరు కనబడకపోతే టెన్షన్ పడకండి, కాసేపు ఆగండి.

ఆ ఏడుగురికీ 650 వెనక్కి ఇస్తాను. డాంగిల్ బాక్సు, బిల్లు లేకపోయినా పర్వాలేదు, డాంగిల్ తెస్తే చాలు. మేం 13 పెట్టి వచ్చిన ఇళ్లకు మా కుర్రాడే వచ్చి మార్చి వెళ్తాడు, దానికి డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. రౌటర్ మార్చే వీల్లేని హాస్టల్ పిల్లలు లాప్‌టాప్ తీసుకురండి, వైఫై కార్డే మార్చి ఇస్తాం, ఖర్చు మాది. కార్డులు వచ్చే వారం వస్తాయి, ముందు ఫోన్ చేసి రండి. మాస్టారి డబ్బులు నిన్ననే ఇచ్చి వచ్చాను. కాఫీ ఇచ్చి, "కార్డు వీకైపోయిందన్నావు కదయ్యా" అని మళ్లీ అడిగారు.