పొద్దుటి ఎండలో నిలబడి ఫోను చెయ్యి

నల్లగొండ,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి శిరీషను అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరమెందుకు అనుకుంటావేమో. ఫోనులో అయితే "ఊఁ, బాగున్నానమ్మా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని నువ్వు పక్కన పెట్టినా అది అక్కడే ఉంటుంది, మళ్లీ ఎప్పుడైనా తీసి చదువుతావు. నీ గొంతు విని ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. క్యాలెండరు మీద గ్యాసు బండ వచ్చిన తేదీ పక్కనే నువ్వు ఫోను చేసిన తేదీ కూడా రాసుకున్నాను, అందుకని తెలిసింది.

ఇంట్లో సంగతులు చెబుతాను. వేపచెట్టు ఆకు రాల్చడం మొదలుపెట్టింది, రోజుకు రెండుసార్లు వాకిలి ఊడవాల్సి వస్తోంది. తమ్ముడికి పరీక్షలు దగ్గర పడ్డాయి, చదువుతున్నానంటాడు. నాన్న పేపరు కత్తిరింపులు అట్టపెట్టె నిండిపోయి బీరువా మీదికి ఎక్కాయి. మొన్న సోమవారం లక్ష్మక్కతో కలిసి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాను. నీకు ఆరేళ్లప్పుడు అక్కడ గర్భగుడి ముందు నిలబడి, లింగం వెనక గోడ మీద పడే ఆ స్తంభం నీడ ఎందుకు కదలదని పూజారిని విసిగించావు, గుర్తుందా? పొద్దున వెళ్లినా సాయంత్రం వెళ్లినా ఆ నీడ అక్కడే ఉంటుంది. ఎన్నో వందల ఏళ్ల కిందట కుందూరు చోళుల కాలంలో కట్టిన గుడి. అంత చీకటి గర్భగుడికి కూడా వెలుతురు లోపలికి రావడానికి దారి వదిలి కట్టారు. నీ హాస్టలు గదికి మాత్రం కిటికీ లేదట.

ఈ మాట సుదర్శన్ బావ కొడుకు చెప్పాడు. సంక్రాంతి తర్వాత వచ్చి అరగంట కూర్చున్నాడు. వాణ్ని నేనేమీ అడగలేదు. వాడే చెప్పాడు, శిరీష రాత్రి మూడింటికి కూడా ఆ కర్రతో బంతులు కొట్టే పూల్ హాల్లోనే ఉంటోందని, తెల్లవారుజామున పడుకుని పదింటికి లేచి నేరుగా ఆఫీసుకు పోతుందని, మొన్నటి పోటీలో గెలవాల్సిన ఆట తేలికైన బంతి దగ్గర పోగొట్టుకుందని. వాడు చాడీలు చెప్పే పిల్లవాడు కాదు. నువ్వు వాడి మీద కోపగించుకోకు.

ఆట గురించి నేను ఎప్పుడైనా అడ్డు చెప్పానా? చిన్నత్త "ఆడపిల్లకు ఆ కర్రాట ఏమిటి" అన్న రోజు ఆమెకు నేనే జవాబు చెప్పాను. విల్సన్ జోన్స్ 1958లో బిలియర్డ్స్‌లో ప్రపంచ విజేత అయిన దేశం మనదని, స్నూకర్ పుట్టిందే 1875లో మన జబల్‌పూర్‌లో అని నువ్వు నేర్పిన మాటలే ఆమెకు అప్పజెప్పాను. కాబట్టి ఇది ఆట మానమని రాస్తున్న ఉత్తరం కాదు. నిద్ర గురించి రాస్తున్నాను.

అసలు నాకు నిద్ర విలువ ఎప్పుడు తెలిసిందో నీకు ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. పెద్దమ్మ పెళ్లికి నెల రోజుల ముందు సంగతి. అప్పటికి నేతగాళ్ల ఊరు పుట్టపాకలో, చీర నూలును మేకుల చుట్టూ పోసే ఆసు పనికి యంత్రం రాలేదు. చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక ఆ యంత్రం తయారుచేసింది 1999లో. 2017లో పద్మశ్రీ వచ్చినప్పుడు టీవీలో చూసి నేను ఏడ్చాను, నువ్వు నవ్వావు. అంతకుముందు అన్నీ ఆడవాళ్ల చేతులే. ఒకవైపు అర్ధచంద్రంలా వరసగా మేకులు, ఎదురుగా ఒక్క మేకు. ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్లీ వెనక్కి, చెయ్యి పోతూ వస్తూ ఉండాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరుగుతుందని లెక్క. అలా పోసిన నూలుకే, రంగు అంటకూడని చోట బిగించి చిటికి కట్టి రంగు ముంచుతారు. ఆసులో ఒక్క పోగు పక్కకు పోతే ఆ తప్పు అక్కడే కనిపించదు. కట్టి, ముంచి, ఆరబెట్టి, కండెకు చుట్టి, మగ్గం ఎక్కించి నేస్తున్నప్పుడు కనిపిస్తుంది.

పెళ్లి ఖర్చులకని తాత ఒక సేటు దగ్గర నాలుగు చీరల పట్టు తెచ్చాడు. పగలంతా పెళ్లి పనులు, రాత్రి కందిలి పెట్టుకుని ఆసు. నాకు పదహారేళ్లు. నా చేతివాటం మీద నాకు గర్వం. మూడు రాత్రులు నిద్ర లేదు. మూడో రాత్రి ఎంతో బాగా పోస్తున్నానని అనుకున్నాను, పాట కూడా పాడుకున్నాను. పన్నెండు రోజుల తర్వాత తాత మగ్గం గుంటలో నుంచి నన్ను పిలిచాడు. కొంగు మీద ఏనుగుల వరస. మొదటి రెండు ఏనుగులు బాగానే ఉన్నాయి. మూడోదాని తొండం మధ్యలో విరిగినట్టు పక్కకు జరిగి ఉంది. నాలుగోదానికి కాళ్లు ఒకచోట, పొట్ట ఒకచోట. తాత నన్ను తిట్టలేదు. నా వేలు పట్టుకుని ఆ విరిగిన చోట పెట్టి తడిమించాడు. సేటు ఆ చీరకు సగం డబ్బు కోసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం తాత నన్ను పడుకోమన్నాడు. మర్నాడు తెల్లవారేదాకా లేవలేదు. లేచి చూస్తే ఆసు చట్రం లోపలి గదిలో లేదు, తూర్పు అరుగు మీద ఉంది. "పొద్దు పొడిచాక మొదలుపెట్టు, దీపం పెట్టే వేళకు లే. చీకటి పడ్డాక దాన్ని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా" అన్నాడు. పెళ్లయ్యేదాకా అరుగు మీదే పోశాను. మిగిలిన మూడు చీరల్లో ఒక్క పోగు తప్పలేదు.

బిడ్డా, నాకు భయమేసేది ఎక్కడో తెలుసా? మూడో రాత్రి నా చెయ్యి తప్పుతున్న సంగతి నాకు తెలియలేదు. నిద్ర చాలనివాళ్లకు తాము ఎంత తగ్గారో తమకు తెలియదని డాక్టర్లు అంటున్నారు. నువ్వు కూడా "నేను బాగానే ఉన్నానమ్మా" అంటున్నావు.

నాన్న కత్తిరింపుల్లో ఒకటి చూశాను. వరసగా పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చెయ్యీ కన్నూ పనిచేసే తీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి తీరులా మారుతుందని 1997లోనే పరీక్షించి చెప్పారు. మన దేశంలో బండి నడిపేవాళ్లను పోలీసులు పట్టుకునే హద్దు 0.03. నువ్వు పదింటికి లేస్తే రాత్రి మూడింటికి ఎన్ని గంటలవుతాయో లెక్కవేసుకో. బండి తాళం కూడా ఇవ్వని స్థితిలో నువ్వు సాధన చేస్తున్నావు. పగలు నేర్చుకున్న చేతి పనిని మెదడు నిద్రలోనే గట్టిపరుస్తుందట. నిద్ర కోసుకుని ఇంకో రెండు గంటలు ఆడితే, ఆడింది కూడా చేతికి అందకుండా పోతుంది.

ఇంకో కత్తిరింపు నీకోసమే పక్కన పెట్టాను. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను కొన్ని వారాల పాటు రాత్రికి పది గంటలు పడక మీద ఉండమన్నారు. ఫ్రీ త్రోలు తొమ్మిది శాతం మెరుగయ్యాయని 2011లో ప్రకటించారు. ఫ్రీ త్రో అంటే ఏమిటని తమ్ముణ్ని అడిగాను. ఎవరూ అడ్డురారు, తొందరపెట్టరు, ఆటగాడూ బంతీ బుట్టా మాత్రమే అన్నాడు. నీ ఆట కూడా అదే కదా! ఒకసారి నువ్వు స్కేలు పెట్టి గీసి చూపించావు, బంతి ఒక్క డిగ్రీ పక్కకు పోతే మీటరు దూరం వెళ్లేసరికి పావుతక్కువ రెండు సెంటీమీటర్లు జరుగుతుందని, టేబుల్ మూలన బంతి పడే సంచి నోరు బంతికి రెండింతలే ఉంటుందని. అంత సన్నని లెక్క తెలిసిన పిల్లవు, నిద్ర లెక్క ఎందుకు వదిలేశావు?

ఎండ సంగతి కూడా చెప్పి ఆపుతాను. పూల్ హాళ్లకు కిటికీలు ఎందుకుండవో నువ్వు చెప్పావు, బంతుల మీద మెరుపు పడకూడదని. సరే. టేబుల్ మీద కనీసం 520 లక్స్ వెలుతురు ఉండాలన్నది నియమమనీ, లక్స్ అంటే వెలుతురు కొలత అనీ చెప్పావు. కానీ అది టేబుల్‌కు, నీ కంటికి చేరేది అంతకన్నా తక్కువే. బయట చెట్టు నీడలో నిలబడినా వేల లక్స్ ఉంటుంది, ఎండలో అయితే లక్ష దాకా పోతుంది. ఒంట్లో ఒక గడియారం ఉందనీ, పొద్దుటి వెలుతురు కంట్లో పడితేనే అది సరిగ్గా తిరుగుతుందనీ అంటారు. ఆ గడియారం ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పొద్దున వెలుతురు చూడక, అర్ధరాత్రి టేబుల్ దీపం కింద నిలబడితే పాపం ఆ గడియారం ఏం చేస్తుంది? పోటీ పెట్టేది పొద్దున పదింటికి. నీ ఒంటికి అది నడిరాత్రి.

డి విటమిన్ వేరే సంగతి. దానికి పొద్దుటి లేత ఎండ చాలదు, ఎండ కాస్త నెత్తికెక్కాక ఒంటికి తగలాలి, గాజు కిటికీలోంచి వస్తే లాభం లేదు. నిరుడు నా నడుము నొప్పికి డాక్టరు రక్తం పరీక్ష చేయించి డి తక్కువని చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నల్లగొండ ఎండలో పుట్టిన దాన్ని! కానీ నా బతుకంతా మగ్గాల ఇంట్లో నీడనే గడిచింది. నువ్వూ పరీక్ష చేయించుకో. మాత్రలు సొంతంగా కొనుక్కోకు. ఇంకో రెండు నెలల్లో ఎండలు ముదురుతాయి, అప్పుడు నడి మధ్యాహ్నం బయట తిరగమని నేను అనడం లేదు.

సాయంత్రం ఆరు దాటాక కాఫీ తాగకు. దాని సత్తువ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. స్నూకర్ ఆడే రోనీ ఓ'సలివాన్ ఏడోసారి ప్రపంచ విజేత అయింది 2022లో, నలభై ఆరేళ్ల వయసులో. ఆయన పరుగు తీసే మనిషని చెప్పింది నువ్వే. నిన్ను పరుగెత్తమనడం లేదు. హాస్టలు నుంచి బస్ స్టాపు దాకా నడువు చాలు. తలకు నూనె పెట్టుకో. ఏడున్నర గంటలు పడుకో. పోటీకి ముందు వారమైనా హాలుకు పొద్దున పూట వెళ్లు, యజమానిని అడిగితే తెరవడా? మళ్లీ పాఠం చెబుతున్నానని నీకు విసుగొస్తోంది, తెలుస్తోంది.

సుదర్శన్ బావ కొడుకు చెప్పినందుకే ఇదంతా రాయలేదు. బతుకమ్మకు వచ్చినప్పుడు నువ్వు నా పక్కన కూర్చుని తంగేడు పేర్చావు. నీ బొటనవేలి గోరు సందులో ఆట కర్ర మొనకు రాసే సుద్ద నీలంగా అంటుకుని ఉంది. మూడో వరస పేరుస్తుంటే నీ వేళ్లు వణికాయి. కట్ట జారిపోయింది, నువ్వు "గాలి" అన్నావు. గాలి లేదు శిరీషా. ఇంటినిండా చుట్టాలు, అప్పుడు ఏమీ అనలేకపోయాను. నాలుగు నెలలుగా ఆ వేళ్లే కళ్ల ముందు మెదులుతున్నాయి. ఆ మూడు రాత్రుల తర్వాత నా వేళ్లు అలాగే వణికాయి.

ఓడిపోయినందుకు సిగ్గుపడి ఫోను చేయడం లేదా? ఓడితే ఓడావు. ఆ సంగతి నాన్నకు ఇంకా చెప్పలేదు, నువ్వే చెప్పు. ఆయన ఏమీ అనరు.

బుధవారం బస్సు పార్శిల్లో బత్తాయిలు ఒక సంచి, నువ్వుల లడ్డూలు, పల్లి పొడి వేస్తున్నాను. సంచి అడుగున మందపాటి నల్ల గుడ్డ పెట్టాను, వీధి దీపం కంట్లో పడితే గది తలుపు పైన అద్దానికి కట్టుకో. లడ్డూలు హాలుకు పట్టుకుపోకు, చేతికి జిడ్డవుతుంది. గురువారం పొద్దున ఏడింటికి లేచి, హాస్టలు మేడ మీదికి వెళ్లి ఎండలో నిలబడి వీడియో ఫోను చెయ్యి. ఏమీ మాట్లాడకపోయినా పరవాలేదు. ముఖం చూపించు, తర్వాత రెండు చేతులూ ముందుకు చాచి చూపించు.

ఇట్లు,
మీ అమ్మ

పార్శిల్ కాగితం మీద తమ్ముడు నీ పాత నంబరు రాశాడు, నేను కొట్టేసి కొత్తది రాయించాను. బస్ స్టాండు వాళ్లు ఫోను చేస్తే ఎత్తు.