నియాండర్తల్‌లు మనకు దాయాదులు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇటీవల మీ పత్రిక విద్యార్థుల పేజీలో మానవ పరిణామం గురించి ఒక చిన్న వ్యాసం, దాని పక్కన ఒక బొమ్మ వేశారు. ఎడమ చివర నాలుగు కాళ్ల మీద నడిచే కోతి, కుడి చివర నిటారుగా నిలబడ్డ మనిషి, వారి నడుమ క్రమంగా నడుము లేస్తున్న ముగ్గురు ఉన్నారు. ఆ ముగ్గురిలో చివరివాడి కింద ‘నియాండర్తల్’ అని రాసి ఉంది. అతడి మెడ ముందుకు వాలి ఉంది, మోకాళ్లు వంగి ఉన్నాయి, చేతిలో దుడ్డుకర్ర ఉంది. శ్రీకాకుళం జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా జీవశాస్త్రం చెప్పిన నేను, మొదటి పదేళ్లూ ఇదే బొమ్మను నల్లబల్ల మీద స్వయంగా గీశాను. ఇది పిల్లల మనసులో ఎంత గట్టిగా పాతుకుపోతుందో కళ్లారా చూశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ బొమ్మ నియాండర్తల్‌ను మనకు ముందు మెట్టుగా చూపిస్తుంది. అసలు సంగతి అది కాదు. మనమూ వాళ్లూ ఒకే పూర్వీకుల నుంచి సుమారు 5 లక్షల నుంచి 7 లక్షల ఏళ్ల కిందట చీలిన రెండు శాఖల వాళ్లం. ఒక శాఖ ఆఫ్రికాలో ఉండి హోమో సేపియన్స్, అంటే మనం, అయింది. రెండోది ఐరోపాలోనూ, పశ్చిమాసియాలోనూ, అటు సైబీరియా దాకానూ విస్తరించి, మంచుయుగాల చలిని లక్షల ఏళ్ల పాటు తట్టుకొని, సుమారు 40 వేల ఏళ్ల కిందట కనుమరుగైంది. మన పూర్వీకులు ఆఫ్రికాలో వేటాడుతున్న కాలంలోనే వాళ్లు ఐరోపా గుహల్లో నిప్పు రాజేసుకుంటున్నారు. ఒకే కాలంలో బతికిన ఇద్దరిలో ఒకరు రెండోవారికి మెట్టు ఎలా అవుతారు? పోనీ బుర్ర చిన్నదా అంటే, వాళ్ల మెదడు పరిమాణం సగటున మనదానికి ఏమాత్రం తీసిపోదు.

వైజ్ఞానిక ప్రదర్శన కోసం థర్మోకోల్ అట్ట మీద ఇదే బొమ్మ అతికిస్తున్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, గమ్ సీసా చేతిలో అలాగే పట్టుకొని నన్ను ఒకసారి అడిగింది: “మాస్టారండీ, ఈళ్లు మనకేటవుతారండీ?” పుస్తకంలో లేని ప్రశ్న అది. తాతలవుతారని చెబితే తప్పు, ఏమీ కారని చెప్పినా తప్పే. కాసేపు ఆలోచించి, “దాయాదులమ్మా” అన్నాను. మూలపురుషుడు ఒక్కడే, తర్వాత ఇళ్లు వేరయ్యాయి, ఊళ్లు వేరయ్యాయి అని చెప్పగానే తరగతి మొత్తానికి అర్థమైపోయింది. కోతి మనిషైతే కోతులింకా ఎందుకున్నాయని ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్నకు కూడా ఆ మాటతోనే జవాబు దొరికింది. కోతులూ మనకు దాయాదులే, కాకపోతే చాలా దూరపు దాయాదులు.

వీళ్ల ఆనవాలు దొరికిన కథ ప్రతి ఉపాధ్యాయుడూ తెలుసుకోవలసినది. 1856లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరం దగ్గర నియాండర్ లోయలో సున్నపురాయి తవ్వే కూలీలు ఒక గుహలోని మట్టిని బయటికి ఎత్తిపోస్తుంటే కొన్ని ఎముకలు కనబడ్డాయి. ఎలుగుబంటివి కాబోలు అనుకున్నారు. ఇవి మనిషివేనని, మామూలు మనిషివి కావని, ఎంతో పాతవని పోల్చుకున్నది యోహాన్ కార్ల్ ఫుల్‌రాట్ అనే బడిపంతులు. టెక్కలి వైపు గ్రానైటు క్వారీల సమీపంలోని బడుల్లో పనిచేసినప్పుడు పిల్లలు చొక్కా జేబుల్లో రాళ్లు వేసుకొచ్చి “ఇదేటి మాస్టారూ?” అని నా బల్ల మీద పెట్టేవారు. అలా పెట్టిన ప్రతిసారీ నాకు ఆ పంతులు గుర్తుకొచ్చేవాడు. ఆ లోయకు పేరిచ్చిన యోహాకిమ్ నియాండర్ 17వ శతాబ్దపు కీర్తనకారుడు. ఆయన ఇంటిపేరుకు గ్రీకు భాషలో ‘కొత్త మనిషి’ అని అర్థం.

ఆ కొత్త మనిషిని పండితులు మాత్రం మనిషిగా ఒప్పుకోలేదు. ఎముకల వ్యాధితో వంగిపోయిన కొసాక్ సైనికుడెవడో గుహలో పడి చనిపోయాడని ఒకరన్నారు. 1864లో విలియం కింగ్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త హోమో నియాండర్తాలెన్సిస్ అని వేరే జాతిగా పేరు పెట్టి, ఈ పుర్రెలో మెదిలిన ఆలోచనలు పశువు ఆలోచనలను దాటి ఉండవని రాశాడు. మీరు వేసిన బొమ్మలోని వంగిన మోకాళ్లకు మూలం ఫ్రాన్సులో ఉంది. అక్కడి లా షాపెల్ ఓ సాంట్ గుహలో 1908లో దొరికిన దాదాపు పూర్తి అస్థిపంజరాన్ని పరిశీలించిన మార్సెలిన్ బూల్ అనే శాస్త్రవేత్త, నియాండర్తల్ సరిగా నిలబడలేని, మెడ ఎత్తలేని జీవి అని వర్ణించాడు. ఆ ఎముకలు కీళ్లవాతంతో బాధపడిన ఒక పెద్దాయనవి. 1957లో వాటిని మళ్లీ పరిశీలించిన శాస్త్రవేత్తలు, నియాండర్తల్‌లు మనలాగే నిటారుగా నడిచేవారని స్పష్టం చేశారు. అంటే 1957లోనే సరిదిద్దిన తప్పును మనం ఈనాటికీ రంగుల్లో అచ్చు వేసుకుంటున్నాం.

ఆ పెద్దాయనకు పళ్లు చాలావరకు ఊడిపోయాయి, ఊడిన చోట దవడ ఎముక పూడుకుపోయింది. పళ్లు పోయాక కూడా ఆయన చాలాకాలం బతికాడన్నమాట. మా ఇంట్లో మా నాయనమ్మకు పళ్లు పోయాక మా అమ్మ చోడి అంబలి పలచగా కాచి పట్టేది. ఆ గుహలో ఎవరు ఏం మెత్తగా చేసి పెట్టారో ఎముకలు చెప్పవు. ఇరాక్‌లోని షానిదార్ గుహలో 1950ల్లో పురావస్తు శాస్త్రవేత్త రాల్ఫ్ సొలెకీ తవ్వి తీసిన నియాండర్తల్ మనిషి విషయం ఇంకా తేటగా ఉంది. అతడికి తల పక్కన బలమైన దెబ్బ తగిలింది, దానివల్ల ఒక కన్ను పోయి ఉంటుంది, కుడి చేయి మోచేతి దగ్గరే ఆగిపోయింది, చెవుడు కూడా ఉంది. ఆ గాయాలన్నీ మానిన తర్వాత ఏళ్ల తరబడి బతికి, నలభై దాటే వయసులో చనిపోయాడు. వేటాడి తినే కాలంలో, పక్కన మనుషులు లేకుండా అలాంటివాడు అన్నేళ్లు బతకలేడు. దుడ్డుకర్ర పట్టుకున్న బొమ్మలో ఈ సంగతి ఎక్కడుంది?

ఇక రక్తసంబంధం మాట. 1997లో జన్యుశాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం నియాండర్ లోయ ఎముక నుంచే డీఎన్ఏ ముక్కను తీసి చదివింది. అది తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ. అది మన డీఎన్ఏతో సరిపోలలేదు కాబట్టి వాళ్లకూ మనకూ ఏ సంబంధమూ లేదని చాలామంది అనుకున్నారు. 2010లో అదే బృందం కణకేంద్రకంలోని డీఎన్ఏను చదివేసరికి ఆ నిర్ణయం తిరగబడింది. ఆఫ్రికా బయట ఉన్న మనుషులందరి జన్యువుల్లోనూ 1 నుంచి 4 శాతం దాకా నియాండర్తల్‌ల వాటా ఉందని తేలింది. ఆఫ్రికా నుంచి బయలుదేరిన మనవాళ్లు సుమారు 50 వేల ఏళ్ల కిందట వాళ్లను కలిశారు, పిల్లల్ని కన్నారు. మన ఊళ్లలో దాయాదుల మధ్య వియ్యం ఉండదు కానీ ఆ దాయాదులు మనకు వియ్యంకులు కూడా అయ్యారు. ఈ కృషికే పాబోకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదంతా ఎక్కడో ఐరోపా గొడవ అనుకునేవారికి ఒక్క సంగతి చెప్పాలి. కోవిడ్ తీవ్రమయ్యే ప్రమాదాన్ని పెంచే, మూడో క్రోమోజోములోని ఒక జన్యుభాగం మనకు నియాండర్తల్‌ల నుంచే వచ్చిందని 2020లో హ్యూగో జెబర్గ్, పాబో కనుగొన్నారు. ఐరోపాలో అది సుమారు 16 శాతం మందిలో ఉంటే, దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఉంది. వయసు, మధుమేహం, వైద్యం అందిన తీరు కూడా తోడైతేనే జబ్బు ముదురుతుంది కాబట్టి దీన్ని చూసి ఎవరూ బెదిరిపోనక్కరలేదు. కానీ ఆ రెండేళ్లలో మా వీధిలో నలుగురిని పోగొట్టుకున్న నాకు, నియాండర్తల్ పాఠం ఇక పరాయి దేశపు పాఠంగా కనిపించడం లేదు.

ఈ బొమ్మ గురించి ఇంత పట్టుదలగా రాయడానికి వేరే కారణం ఉంది. అప్పటికి మన జిల్లాలోనే ఉన్న సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చి మా బడిలో చదివిన ఒక సవర గిరిజన కుర్రవాణ్ని, ఈ పాఠం చెప్పిన మర్నాడు తోటి పిల్లలు ఆ వరుసలో నాలుగోవాడి పేరుతో పిలవడం నేను విన్నాను. వాడు తల వంచుకొని కూర్చున్నాడు. ఆ అబ్బాయీ, వాణ్ని ఏడిపించినవాళ్లూ, నేనూ అందరం హోమో సేపియన్స్‌మే. ఆ మాట ఆ రోజే తరగతిలో చెప్పాను. కానీ మనుషుల్ని ఒక వరుసలో నిలబెట్టి, వెనకవాడు తక్కువ, ముందువాడు ఎక్కువ అనే చూపును ఆ పిల్లలకు నేర్పింది నేను గీసిన బొమ్మే. విలియం కింగ్ ఆ తీర్పు రాయడానికి ఏడాది ముందు, 1863లో, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, నాగరికులు పట్టించుకోని సవర భాషను నేర్చుకొని దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. ఎదుటివాడి బుర్రలో ఏముందో కపాలం చూసి తేల్చడానికీ, వాడి మాట నేర్చుకొని తెలుసుకోవడానికీ ఎంత తేడా ఉందో ఈ జిల్లావాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. నియాండర్తల్ మాట వినే భాగ్యం మనకు లేదు. కానీ ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో 1983లో దొరికిన నియాండర్తల్ అస్థిపంజరంలో, నాలుక మొదట్లో ఉండే చిన్న ఎముక దాదాపు మన ఎముకలాగే ఉంది, అంటే వాళ్లూ మాట్లాడి ఉండవచ్చు.

జాతీయ స్థాయి పదో తరగతి పాఠ్యపుస్తకం నుంచి జీవపరిణామం భాగాన్ని 2023లో తీసివేశారు. ఆ పుస్తకం చదివి ఇంటర్‌లో ఎంపీసీ తీసుకునే పిల్లలకు బడిలో ఇక ఈ పాఠం ఎదురు కాదు. వారికి మీ విద్యార్థుల పేజీయే దిక్కు కావచ్చు. అందుకే అందులో అచ్చయ్యే బొమ్మ సరిగా ఉండాలని కోరుతున్నాను.

గమ్ సీసా పట్టుకొని ప్రశ్న వేసిన ఆ అమ్మాయి, ఆ ఏడాది ప్రదర్శనకు థర్మోకోల్ బొమ్మ మానేసి చార్టు మీద ఒక మర్రిచెట్టు గీసింది. ఒక కొమ్మ మీద మనం, పక్క కొమ్మ మీద నియాండర్తల్‌లు ఉన్నారు. ఆ కొమ్మ చివర ఎండిపోయింది, కానీ ఎండకముందు దాని నుంచి దిగిన ఒక ఊడ మన కొమ్మను చుట్టుకొని అందులో కలిసిపోయింది. ఆ చార్టు ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పాత బొమ్మ వేసిన పేజీలోనే దీన్ని కూడా వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం