ఒకే పేషెంటును రెండోసారి చూడనివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను ఫ్యామిలీ డాక్టరును. ఈ పనిలోకి వచ్చి ఇరవై రెండేళ్లయింది, అందులో సగం కాలంగా జూనియర్ డాక్టర్లకు పని నేర్పుతున్నాను. డాక్టర్లలో అసంతృప్తి పెరుగుతోందని, కుర్ర డాక్టర్లు ఫ్యామిలీ మెడిసిన్ వైపు రావడం లేదని తరచూ చదువుతూనే ఉన్నాం. ఆ చర్చ ఎప్పుడూ జీతం దగ్గర మొదలై జీతం దగ్గరే ఆగిపోతుంది. జీతం ముఖ్యం కాదని నేను అనను, అప్పు చేసి చదివినవాళ్ల బాధ నాకు తెలుసు. కానీ "మేడమ్, ఇది నా వల్ల కాదు, వేరే స్పెషాలిటీకి వెళ్లిపోతాను" అని నా దగ్గరకు వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా మొదటి మాటగా జీతం ఎత్తలేదు. ఒకమ్మాయి అన్న మాట మాత్రం నాకు అలాగే గుర్తుండిపోయింది: "రోజంతా పని చేస్తున్నాను మేడమ్, కానీ నేను చూసినవాళ్లలో ఎవరికి నయమైందో, ఎవరికి కాలేదో ఒక్కరి సంగతీ నాకు తెలియదు."

ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. శిక్షణలో ఉన్న డాక్టరు రెండు నెలలు ఒక వార్డు, మూడు నెలలు ఇంకో వార్డు, తర్వాత క్యాజువాలిటీ, ఇలా తిరుగుతూనే ఉంటాడు. జ్వరంతో వచ్చిన మనిషిని చేర్చుకునేది ఒకరు, పరీక్షలు రాసేది ఇంకొకరు, డిశ్చార్జి కాగితం నింపేది మూడో మనిషి. అన్ని రకాల జబ్బులూ చూడాలి కాబట్టి తిప్పుతారు, అందులో తప్పు లేదు. అయితే మా పనిలో తృప్తి అంతా రెండోసారి, పదోసారి, యాభయ్యోసారి చూడటంలో ఉంది. ఆ ఒక్కటీ చూపించకుండా మిగతా కష్టమంతా చూపించి, ఈ పని మీకు నచ్చిందా అని అడిగితే ఏం చెబుతారు పాపం?

నా దగ్గరకు ఒక పెద్దావిడ నెలనెలా బీపీ మందుల కోసం వచ్చేది. ఆరేళ్లు అలాగే వచ్చింది. మోకాళ్ల నొప్పి, నిద్ర పట్టకపోవడం, కోడలితో మాట పట్టింపులు, ఇవే కబుర్లు. ఒకరోజు మందులు రాయించుకుని, సంచీ భుజాన వేసుకుని, తలుపు దాకా వెళ్లి గడియ మీద చెయ్యి వేశాక వెనక్కి తిరిగి "డాక్టరమ్మా, ఇంకో మాట" అంది. మూడు నెలలుగా విరేచనంలో రక్తం పడుతోందట. మొలలేమో అనుకుని, సిగ్గుపడి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మళ్లీ కూర్చోబెట్టి అడిగి, పరీక్షలకు పంపితే పెద్దపేగులో గడ్డ అని తేలింది. తొలిదశలోనే దొరికింది, ఆపరేషన్ అయింది, ఇప్పటికీ వస్తోంది, ఇప్పటికీ కోడలి మీద ఫిర్యాదులే. ఆ ఆరేళ్ల కబుర్లు లేకపోతే ఆవిడ ఆ గడియ తీసి వెళ్లిపోయేదే. డాక్టరుగా ఎందుకు బతుకుతున్నానంటే ఆ తలుపు దగ్గర మాట కోసమే అని చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకోకండి. 2021లో నార్వే పరిశోధకులు దేశం మొత్తం రికార్డులు చూసి చెప్పారు: 15 ఏళ్లకు పైగా ఒకే ఫ్యామిలీ డాక్టరు దగ్గరకు వెళ్తున్నవాళ్లలో, ఏడాది పరిచయమే ఉన్నవాళ్లతో పోలిస్తే, వేళ కాని వేళ అత్యవసర సేవలకు వెళ్లే అవకాశం, ఆస్పత్రిలో చేరే అవకాశం, చివరికి చనిపోయే అవకాశం కూడా 25 నుంచి 30 శాతం దాకా తక్కువ. డాక్టరుకు తృప్తినిచ్చేదే పేషెంటు ప్రాణానికీ మంచిదైతే, దాన్ని కాపాడుకోవడానికి ఇంకా ఏం సాక్ష్యం కావాలి?

కానీ తలుపు దగ్గరి ఆ మాట బయటికి రావాలంటే టైమ్ ఉండాలి. 2017లో 67 దేశాల లెక్కలు కలిపి చూస్తే, ఒక్కో పేషెంటుకు ప్రాథమిక వైద్యంలో దొరికే సమయం 48 సెకన్ల నుంచి 22.5 నిమిషాల దాకా ఉంది. నలభై ఎనిమిది సెకన్లు! అంతసేపట్లో పేరు అడగవచ్చు, మందు రాయవచ్చు, అంతే. టైమ్ దొరికే చోట కూడా దాన్ని కంప్యూటరు మింగేస్తోంది. అమెరికాలో ఫ్యామిలీ డాక్టర్ల మీద అదే ఏడాది చేసిన మరో అధ్యయనంలో, 11.4 గంటల పనిరోజులో 5.9 గంటలు రికార్డుల సాఫ్ట్‌వేర్ ముందే గడిచిపోతున్నాయని తేలింది. ఎదురుగా మనిషి ఏడుస్తుంటే నేను స్క్రీన్ మీద గడులు నింపుతూ "ఊఁ, చెప్పండి" అన్న రోజులున్నాయి. ఆ రోజు ఇంటికి వెళ్లాక అన్నం సయించదు.

ఇక నిద్ర సంగతి. నేను శిక్షణలో ఉన్నప్పుడు ఒక ఆస్పత్రిలో (పేరు అనవసరం) ముప్పై గంటలకు పైగా వరసగా డ్యూటీ చేసి, తెల్లవారుజామున కేస్ షీట్ రాస్తూ రాస్తూ నిలబడే కునుకు తీశాను. కళ్లు తెరిచేసరికి పెన్ను గీత మందుల పేర్ల మీదుగా కాగితం అంచు దాకా జారిపోయి ఉంది, ఆ గీత కింద ఇన్సులిన్ డోసు కనిపించడం లేదు. నర్సమ్మ చూసి, నా చేతిలోంచి కాగితం తీసుకుని, "ఒక్క నిమిషం ముఖం కడుక్కుని రండి డాక్టరుగారూ, మళ్లీ రాద్దాం" అంది. ఆవిడ ఆ నిమిషం అక్కడ లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. పొద్దున రౌండ్స్‌లో మాత్రం ఆలస్యంగా వచ్చానని అందరి ముందూ చీవాట్లు పడ్డాయి.

న్యూయార్క్‌లో 1984లో లిబ్బీ జియాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఆస్పత్రిలో చేరిన కొన్ని గంటలకే చనిపోతేగానీ, శిక్షణలో ఉన్న డాక్టర్లు ఎన్ని గంటలు మేలుకుని ఉంటున్నారని ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ రాష్ట్రం 1989లో వారానికి 80 గంటల హద్దు పెట్టింది, దేశమంతటికీ అది రావడానికి 2003 దాకా పట్టింది. ఆ మరుసటి ఏడాది బోస్టన్‌లో ఇంటెన్సివ్ కేర్‌లో లెక్క తీస్తే, పొడవాటి డ్యూటీల పాత పద్ధతిలో పనిచేసిన ఇంటర్న్‌లు 36 శాతం ఎక్కువ తీవ్రమైన పొరపాట్లు చేస్తున్నారని బయటపడింది. "మా రోజుల్లో ఇంకా ఎక్కువ చేశాం" అనే సీనియర్లకు నా మనవి ఒక్కటే: మీరు చేశారు, నిజమే, ఆ రాత్రుళ్లు పేషెంట్లకు ఏమైందో ఎవరూ లెక్క రాయలేదు.

ఇంత జరుగుతుంటే మా పిల్లలకు దొరుకుతున్నదేమిటి? డ్యూటీ ముగిశాక గంటసేపు "స్ట్రెస్ మేనేజ్‌మెంట్" క్లాసు. ధ్యానం మంచిదే, నేనూ చేస్తాను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను (పని ఒత్తిడితో ఒళ్లూ మనసూ అలిసి, పని మీదే విరక్తి పుట్టడాన్ని) జబ్బుల్లో చేర్చలేదు, పనిచేసే చోట సరిదిద్దకుండా వదిలేసిన దీర్ఘకాలపు ఒత్తిడి వల్ల వచ్చేదని రాసింది. పనిచేసే చోటును వదిలేసి మనిషికి క్లాసు పీకడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఒళ్లు అలిసిపోవడం ఒక్కటే అయితే రెండు రోజులు సెలవిస్తే సరిపోతుంది, పేషెంటు బెడ్ నంబరుగా కనిపించడం మొదలైతే సెలవుతో పోదు.

నేను అడిగేవి పెద్ద ఖర్చులేం కావు. శిక్షణలో చేరిన మొదటి వారంలోనే ప్రతి జూనియర్‌కు కొన్ని కుటుంబాలను అప్పగించండి, ఏ వార్డులో ఉన్నా వారానికి ఒక పూట వాళ్లను మాత్రం ఆ డాక్టరే చూడాలి, చివరిదాకా. రాత్రి డ్యూటీ చేసినవాళ్లను పొద్దున నిజంగా ఇంటికి పంపండి, రిజిస్టర్‌లో పంపినట్టు రాసి వార్డులో ఉంచకండి. గుమాస్తా పని గుమాస్తాలకు ఇవ్వండి. తప్పు జరిగితే పక్కకు పిలిచి చెప్పండి, నేనూ ఒకప్పుడు అందరి ముందూ అరిచినదాన్నే, దాని వల్ల ఎవరూ ఏమీ నేర్చుకోలేదు, దాచిపెట్టడం తప్ప.

నా దగ్గర శిక్షణలో ఉన్న ఒకబ్బాయి ఏడాది కిందట మానేస్తానని ఉత్తరం కూడా రాసి పట్టుకొచ్చాడు. కొన్నాళ్లు ఆగమని బతిమాలి, పన్నెండు కుటుంబాలు అప్పగించాను. వాటిలో ఉబ్బసం ఉన్న ఒక చిన్న పిల్లాడు ఉన్నాడు. ఎనిమిదో నెలలో వాడికి రాత్రి ఆయాసం వస్తే వాళ్లమ్మ పొద్దున్నే తీసుకొచ్చి, నేను ఎదురుగా ఉండగానే, "మా డాక్టరు గారు ఎన్నింటికి వస్తారు?" అని అడిగింది. ఆ మాట అతనికి చెప్పాను. ఏమీ అనలేదు, లోపలికి వెళ్లి పిల్లాడు ఇన్‌హేలర్ ఎలా పీల్చుతున్నాడో నాలుగుసార్లు చేయించి చూశాడు. ఉత్తరం సంగతి ఇంకా తేల్చలేదు. వచ్చే నెల చెబుతానన్నాడు.

ఇట్లు,
ఒక ఫ్యామిలీ డాక్టరు