వేలితో దారి ఎంచుకునే కథలు మా పిల్లలకు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత కంప్యూటర్ ఆటల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఏం చేయాలో మనమే టైప్ చేసి ఆడే టెక్స్ట్ అడ్వెంచర్లదే అసలు గొప్పతనమని, తెర మీద చూపించిన రెండు మూడు దారుల్లో ఒకటి నొక్కే కథలకు అంత విలువ లేదని అందులో రాశారు. నేను ఒప్పుకోను.

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. గోదావరి దాటితే కాళేశ్వరం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పిల్లలు బడిలో చదివేది మరాఠీ. సాయంత్రాలు మా వీధి పిల్లలకు తెలుగు చదవడం నేర్పుతుంటాను. కూడబలుక్కుని చదువుతారు గానీ రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. అలాంటివాళ్ళకు ఖాళీ గడి చూపించి 'ఏం చేస్తావో టైప్ చెయ్యి' అంటే ఆట మొదలవకముందే టెన్షన్.

1970లలో విల్ క్రౌథర్ అనే అమెరికా ప్రోగ్రామర్ తన కూతుళ్ళ కోసమే 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్' అనే గుహల ఆట రాశాడు, టైప్ చేసి ఆడే తొలి ఆటల్లో అదొకటి. ఇంగ్లీషు వాళ్ళ ఇంటి భాష. పైగా అందులో ఒక క్రియ, ఒక వస్తువు పేరు కొడితే చాలు. మన పిల్లలు 'తలుపు తియ్యి' అనొచ్చు, 'తలుపును తెరువు' అనొచ్చు, 'తలుపు తీస్తా' అనొచ్చు. అన్నిటినీ ఆట గుర్తుపట్టాలి. పట్టకపోతే తప్పు తమదే అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు.

ఎవరూ చెప్పని ఉపాయం తనకే తట్టినప్పుడు కలిగే సంతోషం 'జోర్క్' లాంటి టైప్ చేసి ఆడే ఆటల్లో ఉంది, కాదనను. ఎంచుకునే కథలో ఆ ఉపాయం ముందే కళ్ళ ముందు ఉంటుంది. కానీ ఏది నొక్కాలో తేల్చుకోవాలంటే ప్రతి వాక్యం చివరిదాకా చదవాలి. మా పిల్లలకు కావలసింది అదే.

అన్నీ వరసగా నొక్కేస్తారు కదా అంటారేమో. కథ ఎలా రాశామన్నదాన్ని బట్టి ఉంటుంది. క్రిస్ క్లిమస్ 2009లో తెచ్చిన ట్వైన్ అనే ఉచిత సాధనంతో నేనొక కథ కట్టాను. శివరాత్రికి కాళేశ్వరం వెళ్ళిన ఒక అమ్మాయి ఇంటికి తిరిగి రావాలి. బొమ్మ కొంటే బస్సు చార్జీకి డబ్బులు మిగలవు, కథ ఆ సంగతిని చివరిదాకా గుర్తుపెట్టుకుంటుంది. ఒక పాప అక్కడ ఆగిపోయి 'బొమ్మ వాపసు ఇచ్చేస్తానని పెట్టు అక్కా' అంది. ఆ దారీ చేర్చాను. కథంతా ఒకే ఫైలు కాబట్టి వాట్సాప్‌లో పంపేస్తే నెట్ లేకున్నా ఫోన్లో తెరుచుకుంటుంది.

మీ పిల్లల పేజీలో ఇలాంటి కథ వారానికొకటి వేయండి. పేరాలకు అంకెలిచ్చి 'పడవ ఎక్కితే 7కి, ఒడ్డునే ఆగితే 12కి వెళ్ళు' అని రాస్తే కాగితం మీద కూడా నడుస్తుంది. ఇంగ్లీషు కథలకు అనువాదాలు వద్దు, మన ఊళ్ళు, మన సంతలు ఉండాలి. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సిరోంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర