రోడ్డుకు పోయని సిమెంటు

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో వెన్నుపూసకు సిమెంటు ఎక్కించే చికిత్స మీద వ్యాసం వేశారు. పొద్దున చేరి సాయంత్రానికి నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోవచ్చట. ఆ రోజే రాద్దామనుకున్నాను, ఇంట్లో పనులతో కుదరలేదు. ఆ సిమెంటు మా అమ్మ నడుములో ఉంది కాబట్టి నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

అమ్మకు మేలు జరగలేదని అనను. అసలు అక్కడిదాకా ఎందుకు వచ్చిందో చెప్పాలి కదా. బస్సులో ఆఖరి సీటు. ముందు సీట్ల మీద 'స్త్రీలకు' అని రాసే ఉంటుంది, కూర్చునేది మాత్రం మగమహారాజులు. స్పీడు బ్రేకరుకు తెల్లగీత లేదు, బోర్డు లేదు. ఎవరో తమ ఇంటిముందు కంకర పోసి కట్టుకున్న దిబ్బ అది. బస్సు ఎగిరింది, అమ్మ ఎగిరి పడింది.

కండరం పట్టేసిందన్నారు, నొప్పి ఇంజెక్షన్లు పొడిచారు. తగ్గింది. రెండు నెలలకు మళ్లీ మొదలైంది. పడుకుంటే ఏమీ లేదు, మంచం మీంచి లేవబోతే కేక. గుమ్మం పైగడియ అందుకునే మనిషి నడుము వంగిపోయి కింది గడియ దగ్గరే ఆగిపోయింది. వయసు అన్నారు. మన దగ్గర ఆడవాళ్ల నొప్పులన్నిటికీ అదొక్కటే రోగం!

చివరికి నగరంలో ఒకాయన అమ్మను నిలబెట్టి ఒక ఎక్స్‌రే, పడుకోబెట్టి ఒకటి తీయించి పక్కపక్కన పెట్టారు. పడుకున్నప్పుడు పూస మధ్యలో నల్లటి సందు తెరుచుకుంది, నిలబడితే మూసుకుపోయింది. విరిగిన పూస రక్తం అందక, అతుక్కోక, లోపల చచ్చిపోయిందట. చిన్న దెబ్బ, కొన్నాళ్లు నిమ్మళం, ఆ తర్వాత పూస కుంగడం. కుమ్మెల్ అనే జర్మన్ సర్జన్ 1890ల్లోనే ఈ వరస చెప్పాడు. ఇంతకాలానికి కూడా మా వైపు రెండోసారి ఎక్స్‌రే తీద్దామని ఎవరికీ తోచలేదు. మోకాళ్లకని అమ్మ ఏళ్ల తరబడి మింగిన పొట్లాల్లో స్టెరాయిడ్ ఉందని, అది ఎముకను గుల్ల చేస్తుందని కూడా అప్పుడే తెలిసింది.

బోర్లా పడుకోబెట్టి, మత్తు సూది వేసి, ఎక్స్‌రే తెర చూసుకుంటూ టూత్‌పేస్టులాంటి ముద్దను కొన్ని మిల్లీలీటర్లు ఎక్కించారు. ఇళ్లు కట్టే సిమెంటు కాదు, కీళ్లమార్పిడిలో వాడే యాక్రిలిక్. మర్నాడు అమ్మ తనంతట తాను లేచి కూర్చుని కాఫీ అడిగింది. అయితే ఆ ముద్ద పక్కకు కారితే నరాల మీద పడొచ్చని, ఊపిరితిత్తులకూ పోవచ్చని చెప్పే మా చేత సంతకం పెట్టించారు. మీ వ్యాసంలో ఆ ఊసే లేదు. 2009లో వచ్చిన రెండు పరిశోధనల్లో మామూలు పూస విరుపులకు ఉత్తుత్తి సూదికీ దీనికీ తేడా కనబడలేదన్న మాటా లేదు. అమ్మకైతే లోపల సందు కదులుతోంది కాబట్టి సిమెంటు పట్టు ఇచ్చింది. మీ పేజీ చదివి నడుంనొప్పి ఉన్నవాళ్లందరూ ఆస్పత్రికి పరిగెడితే ఎవరికి లాభమో మీకూ తెలుసు.

ఇంకో చోద్యం. డిశ్చార్జి కాగితంలో గ్యాస్ మాత్రలు ఉన్నాయి, నొప్పి మాత్రలు ఉన్నాయి, ఎముక గుల్లబారడానికి మందు లేదు. మేం అడిగితే రాశారు. అది వాడకపోతే రేపు పక్కపూస విరగొచ్చు. ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్షకు మా వాళ్లు నగరం దాకా పోవాలి, అదీ అదే బస్సులో, అదే దిబ్బ మీదుగా.

దిబ్బ గురించి అర్జీ పెట్టాను. రోడ్ల వాళ్లు పంచాయతీ అంటారు, పంచాయతీ వాళ్లు రోడ్ల వాళ్లంటారు. సిమెంటు మాత్రం అమ్మ నడుముకే దొరికింది. మీ విలేకరిని ఒక్కసారి ఆ బస్సులో ఆఖరి సీట్లో కూర్చోబెట్టి మా ఊరు పంపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
పల్నాడు జిల్లా