బటన్‌కు పేరు లేకపోతే అప్‌డేట్ ఆపండి

సంపాదకులకు నమస్కారం.

మీ టెక్నాలజీ పేజీ క్రమం తప్పకుండా చదువుతాను. కొత్త యాప్ వచ్చినా, పాత యాప్ రూపం మార్చినా స్పీడు ఎలా ఉంది, బ్యాటరీ ఎంత తింటోంది, డిజైన్ బాగుందా అని వివరంగా రాస్తారు. కానీ చూపు లేనివాళ్లు దాన్ని వాడుకోగలరా అన్న మాట ఆ సమీక్షల్లో నాకు ఇంతవరకు కనిపించలేదు. ఈ ఉత్తరం దాని గురించే. నేను సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ని కాబట్టి ఈ తప్పులో నాకూ వాటా ఉంది, అదీ చెబుతాను.

నా స్నేహితుడికి పుట్టుకతోనే చూపు లేదు. ఫోన్‌ని టాక్‌బ్యాక్ సాయంతో వాడతాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, టాక్‌బ్యాక్ అంటే ఆండ్రాయిడ్‌లో ఉండే స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఐఫోన్‌లో ఆ పని వాయిస్‌ఓవర్ చేస్తుంది. తెర మీద వేలిని కుడివైపుకు జరిపితే తర్వాత ఏముందో దాని పేరు చదువుతుంది, రెండుసార్లు తడితే అది నొక్కినట్టు లెక్క. మనం ఒక్క చూపులో పట్టేసే పేజీని వాళ్లు ఒక్కొక్కటే వింటూ పోవాలి. అందుకే అలవాటైనవాళ్లు ఆ గొంతు వేగం బాగా పెంచేసుకుంటారు, పక్కన కూర్చున్న నాకు ఒక్క ముక్క అర్థం కాదు, వాడు మాత్రం అదే వేగంలో అంకె తప్పు పడినా పట్టేస్తాడు.

ఒకరోజు వాడు డబ్బు పంపే యాప్ తెరిచాడు. అది ముందురోజు రాత్రే అప్‌డేట్ అయింది. అంతకుముందు "పంపు", "చరిత్ర", "రద్దు" అని చదివిన చోట ఇప్పుడు "బటన్" అంది. వేలు జరిపాడు. "బటన్". మళ్లీ జరిపాడు. "బటన్". తనకే సరిగ్గా వినపడలేదేమో అని వేగం తగ్గించి మొదటి నుంచి విన్నాడు. మూడూ ఉత్త బటన్లే. "నిన్నటిదాకా బానే ఉంది కదరా, ఇప్పుడు ఏది నొక్కితే ఏమవుతుందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. నేను చూస్తే తెర చక్కగా ఉంది. అక్షరాలు తీసేసి వాటి స్థానంలో బాణం, గడియారం, ఇంటూ గుర్తు పెట్టారు. కంటికి బాగున్నాయి కూడా. ఆ బొమ్మల వెనక పేరు రాయడం మరిచిపోయారు. మేం ఇలా తంటాలు పడుతుండగానే టైమ్ అయిపోయిందని యాప్ లాగవుట్ చేసేసింది. చివరికి వాడు ఫోన్ నా చేతిలో పెట్టి, పిన్ చెప్పి, నువ్వే పంపెయ్ అన్నాడు. పిన్ ఎవరికీ చెప్పొద్దని హెచ్చరించేది ఆ యాపే, చెప్పక తప్పని పరిస్థితి తెచ్చిందీ అదే. ఆ సమయానికి పక్కన నేను కాకుండా ముక్కూ మొహం తెలియనివాళ్లు ఉండి ఉంటే?

దీనికి మందు ఎంత చిన్నదో తెలిస్తే ఇంకా బాధేస్తుంది. ఆండ్రాయిడ్‌లో కంటెంట్ డిస్క్రిప్షన్ అని ఒక లైను ఉంటుంది, బొమ్మ బటన్‌కు అందులో "పంపు" అని రాస్తే చాలు, స్క్రీన్ రీడర్ చదివేస్తుంది. వెబ్ పేజీకైనా ఇలాంటిదే ఒక లైను. ఇదేమీ నిన్న మొన్న పుట్టిన నియమం కూడా కాదు. నొక్కే ప్రతిదానికీ సాఫ్ట్‌వేర్ చదవగలిగే పేరు ఉండాలని 2008 డిసెంబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాల్లోనే ఉంది, వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవాళ్లకూ పనికొచ్చేలా ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలివి. అయినా వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలను పరీక్షిస్తుంటే 2025లో 94.8 శాతం పేజీల్లో లోపాలు బయటపడ్డాయి. ఎక్కువగా దొరికే లోపాల్లో పేరు లేని బటన్లు, వివరం లేని బొమ్మలు, వెలిసిపోయినట్టుండే అక్షరాలు ఏటా ఉంటూనే ఉన్నాయి. అవి కూడా పరీక్ష చేసే సాఫ్ట్‌వేర్ టూల్ తనంతట తాను పట్టుకోగలిగినవి మాత్రమే. బొమ్మకు వివరంగా "ఫొటో" అని రాసి వదిలేస్తే టూల్ పాస్ చేసేస్తుంది, వినేవాడికి మాత్రం ఏమీ తెలియదు. అందుకే రోజూ స్క్రీన్ రీడర్ వాడే మనిషి చేత పరీక్ష చేయించాలి, ఆ పనికి జీతం కూడా ఇవ్వాలి.

ఇక నా వాటా. కొన్నేళ్ల క్రితం ఒక వెబ్ అప్లికేషన్‌లో "సెట్టింగ్స్" అన్న మాట తీసేసి పళ్లచక్రం బొమ్మ పెట్టాను. దాన్ని అసలు బటన్‌గా రాయకుండా డివ్ అనే మామూలు డబ్బా గీసి దానికి క్లిక్ తగిలించాను. మౌస్‌తో బ్రహ్మాండంగా పనిచేసింది. కీబోర్డుతో మాత్రం అక్కడికి వెళ్లే దారే లేదు, ఎందుకంటే ట్యాబ్ కీ నొక్కితే ఆ డబ్బా మీద ఆగదు. చేతులు వణకడం వల్ల మౌస్ పట్టుకోలేని ఒకాయన నాలుగు నెలల తర్వాత ఈమెయిల్ రాస్తే గానీ నాకు తెలియలేదు. సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నెలలు ఆయన సెట్టింగ్స్ మార్చుకోవాల్సినప్పుడల్లా వాళ్ల అమ్మాయిని పిలిచారట. నేను ఆయనకు క్షమాపణ రాశాను, కానీ ఆ ఈమెయిల్ రాయని వాళ్లు ఎంతమంది ఉంటారో అన్న ఆలోచన ఇప్పటికీ వదలడం లేదు.

మా రంగంలో ఒక అలవాటుంది. యాప్ క్రాష్ అయితే విడుదల ఆపేస్తాం, అర్ధరాత్రి అయినా కూర్చుని సరిచేస్తాం. బటన్‌కు పేరు లేదని ఎవరైనా చెబితే టికెట్ పెట్టి, అంటే చేయాల్సిన పనుల జాబితాలో చేర్చి, లో ప్రయారిటీ అని రాసి, తర్వాతి వెర్షన్‌లో చూద్దాం అంటాం. నా స్నేహితుడి వైపు నుంచి చూడండి, ఆ రోజు వాడికి ఆ యాప్ క్రాష్ అయినట్టే కదా! పేరు లేని బటన్ ఉంటే అప్‌డేట్ బయటికి వెళ్లకూడదు. క్రాష్‌కు ఏ రూలు ఉందో దీనికీ అదే రూలు పెట్టండి అని కంపెనీలను అడుగుతున్నాను. ఒకసారి సరిచేశాం కదా అని ఊరుకుంటే కుదరదు, డిజైన్ మారిన ప్రతిసారీ ఇది మళ్లీ చెడుతుంది. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి బ్యాంకింగ్, ఆన్‌లైన్ అమ్మకాల వంటి సేవలు వైకల్యం ఉన్నవాళ్లూ వాడుకునేలా ఉండాలనే యాక్సెసిబిలిటీ చట్టం అమల్లోకి వచ్చింది, మంచిదే. చట్టం ఉన్నా లేకపోయినా విడుదల బటన్ నొక్కేది మాత్రం మాలాంటి వాళ్లమే.

చూపు లేనివాళ్లు మనం సాయం చేస్తాం కదా అని ఎదురుచూస్తూ కూర్చోలేదు. కంప్యూటర్ స్క్రీన్ రీడర్లు కొనలేనంత ఖరీదుగా ఉన్న రోజుల్లో, 2006లో, ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టారు. ఆయనకూ చూపు లేదు, తర్వాత ఆయనతో చేయి కలిపిన జేమ్స్ తే అనే ఆయనకూ లేదు. ఇవాళ దాన్ని ప్రపంచమంతా ఉచితంగా వాడుతోంది. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ని వాళ్లే తయారుచేసుకున్నారు, చదవడానికి తెర మీద ఒక పేరు ఉంచమని మాత్రమే మనల్ని అడుగుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో చెప్పుకోదగ్గ వైకల్యంతో ఉన్నవాళ్లు దాదాపు 130 కోట్లు, అంటే ఆరుగురిలో ఒకరు. ఇంతమందిని కొద్దిమంది కింద జమకట్టి పక్కన పెట్టేస్తే ఎలా?

పాఠకులకు ఒక మాట. ఏదైనా యాప్‌లో ఇలాంటి ఇబ్బంది ఎదురైతే "పనిచేయడం లేదు" అని వదిలేయకుండా, ఏ వెర్షన్, ఏ పేజీ, ఏ బటన్, స్క్రీన్ రీడర్ ఏమని చదివింది, ఈ నాలుగూ రాసి పంపండి. మాలాంటి వాళ్లకు అంత వివరం దొరికితే సగం పని అయిపోయినట్టే.

మీకు నా విన్నపం ఒక్కటే. ఈసారి మీ విలేకరి యాప్ సమీక్ష రాసేముందు ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి స్క్రీన్ రీడర్ ఆన్ చేయమనండి, ఎలా ఆపాలో ముందే చూసుకోమనండి, ఎందుకంటే ఆన్ చేశాక వేలి కదలికలన్నీ మారిపోతాయి. తర్వాత కళ్లు మూసుకుని ఆ యాప్‌లో ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చేయగలిగారా లేదా, ఎక్కడ ఆగిపోయారు, సమీక్షలో స్పీడు, బ్యాటరీల పక్కనే ఆ ఒక్క వాక్యం వేయండి.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్