మెషిన్ మీద గుడ్డ తీయండి

సంపాదకుడు గారికి,

చిప్‌ల ఫ్యాక్టరీల వార్తలు రోజూ చదువుతున్నాం. 2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్ల కోసం 76 వేల కోట్లు ప్రకటించింది కూడా. ఆ చిప్‌లు ఎందుకు వేడెక్కుతాయో లెక్కగట్టే పిల్లలు మన హనుమకొండలోనూ ఉన్నారు. లెక్క సరిచూసుకునే మెషిన్ దొరకక వాళ్లు పడే తిప్పలు చెబుదామనే ఈ ఉత్తరం.

నేను రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్‌ను. మా వీధిలో ఎమ్మెస్సీ చదివే అమ్మాయి ప్రాజెక్టు సిలికాన్ నానోతీగల్లో, అంటే వెంట్రుక కంటే వేల రెట్లు సన్నటి తీగల్లో, ఆప్టికల్ ఫోనాన్ల మీద. ఫోనాన్ అంటే స్ఫటికంలో పరమాణువుల ఊపు. బతుకమ్మ చుట్టూ ఆడేవాళ్లంతా ఒకే వైపు వంగినట్టు, స్ఫటికంలో పక్కపక్క పరమాణువులు కలిసి కదిలితే అది ధ్వని తరంగం. కోలాటం జంటలా ఎదురెదురుగా ఊగితే ఆప్టికల్ ఫోనాన్. సిలికాన్‌లో ఆ ఊపు సెకనుకు 15 లక్షల కోట్ల సార్లకు పైనే! చిప్‌లో వేగంగా పరుగెత్తే ఎలక్ట్రాన్ల శక్తిలో చాలా భాగం ముందు వీటికే చేరుతుంది. ఇవేమో దాదాపు ఉన్నచోటే ఊగుతాయి, వేడిని దూరం మోయవు. అందుకే వేడి అక్కడే పోగవుతుంది.

లెక్కలకు పెద్ద ఖర్చు లేదు. ఆమె పాత ల్యాప్‌టాప్ మీదే చేసింది. బ్యాటరీ ఎప్పుడో పోయింది కాబట్టి కరెంటు పోతే మళ్లీ మొదటికి.

అసలు చిక్కు లెక్కను సరిచూసుకోవడంలో ఉంది. అందుకు రామన్ వర్ణపటం తీయాలి, అంటే నమూనా మీద లేజర్ కాంతి వేసి, చెదిరి వచ్చే కాంతి రంగు ఎంత మారిందో ఒక మెషిన్‌తో కొలవాలి. మామూలు సిలికాన్‌కు ఆ మార్పు చూపే స్కేలు మీద 520 దగ్గర సన్నటి శిఖరం వస్తుంది. తీగ కొన్ని నానోమీటర్లకు సన్నబడితే, ఇరుకు వాకిట్లో కోలాటం నడక మారినట్టు, ఆ శిఖరం కిందికి జరిగి వెడల్పవుతుంది. ఎంత జరిగిందో తేలడానికి ఆమె మాత్రల డబ్బాలో దూది పరిచి, నమూనా పెట్టుకుని, కాజీపేటలో పొద్దున్నే హైదరాబాద్ రైలెక్కింది. మూడోసారి వెళ్తే అక్కడి ల్యాబ్‌లో మెషిన్ మీద అరగంట దొరికింది. మెషిన్‌ను సరిచేసుకునేసరికే అందులో సగం పోయింది.

కాంతి ఇలా రంగు మారే ప్రభావాన్ని సి.వి. రామన్ 1928లో కలకత్తాలో కనుక్కున్నారు. ఏటా ఫిబ్రవరి 28న సైన్స్ డే అని ఆయన ఫొటోకు దండ వేస్తాం. ఆయన పేరున్న మెషిన్‌ను మాత్రం చాలామంది పిల్లలు పుస్తకంలో బొమ్మగానే చూస్తారు.

కొత్తది కొనమని అడగడం లేదు. ప్రజల డబ్బుతో కొన్నవి ఎక్కడున్నా, నెలకు రెండు రోజులు బయటి కాలేజీల పిల్లలకు కేటాయించాలి. నడిపే టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉంచొద్దు, లేకుంటే మెషిన్ గుడ్డ కిందే ఉంటుంది. మంచిర్యాల, ఆదిలాబాద్ నుంచి వచ్చేవాళ్లకు హాస్టల్లో ఒక రాత్రి చోటిస్తే ఇంకా మంచిది.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ